ఒకే తూటా రైఫిల్, మన పల్లి చేను

ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే రైఫిళ్ల మీద నాకు చాలా కాలంగా మక్కువ ఉంది. ఐదు తూటాల మ్యాగజీన్ ఉన్న రైఫిల్ చేతికి అందుతున్న కాలంలో సింగిల్ షాట్ రైఫిల్‌ను ఇంకా ఎవరు తయారుచేస్తారు, ఎందుకు కొంటారు అని అడిగేవాళ్లు మా కల్వకుర్తి వైపు ఉన్నారు, నేను సాధన చేసే హైదరాబాదు క్లబ్బులోనూ ఉన్నారు. పంటకు, పశువుల మేతభూమికి చేటు చేసే చిన్న జంతువులను రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచి కొట్టడానికి అమెరికాలో వాడే ఆ రైఫిల్ మన చేలకు పనికిరాదనే నేనూ నమ్ముతాను. అయితే అది మనిషికి అలవాటు చేసే పద్ధతి మాత్రం, అడవిపందులను కొట్టడానికి అనుమతి పొందిన ప్రతి షూటర్‌కూ తప్పనిసరిగా ఉండాలని అంతే గట్టిగా నమ్ముతాను.

నేను గురి నేర్చుకున్నది బీఎస్ఏ కంపెనీవారి పాత మార్టినీ .22 (గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వందకు 22 వంతులు) మీద. ట్రిగ్గర్ వెనక ఉండే ఇనుప లీవరును కిందికి దించితే, గొట్టం వెనక నోటిని మూసి ఉంచే ఉక్కు దిమ్మ ముందు వైపు కిందికి వాలుతుంది. ఆ దిమ్మ పైభాగంలో నున్నగా అరిగిన ఒక గాడి ఉంటుంది. తూటాను ఆ గాడిలో ఉంచి బొటనవేలితో ముందుకు తోస్తే, ఎక్కడా తడబడకుండా జారి తన చోట కూర్చుంటుంది. లీవరు దిగినప్పుడే లోపలి స్ప్రింగు బిగుస్తుంది, పైకి లాగినప్పుడు దిమ్మ లేచి మూసుకుంటుంది. పేల్చిన తరువాత లీవరును మళ్లీ దించితే ఖాళీ కేసు, అంటే తూటాలో గుండునూ మందునూ పట్టి ఉంచే లోహపు తొడుగు, వెనక్కి వచ్చేస్తుంది. ఈ మొత్తం పనిలో తూటాను మన వేళ్లే తాకుతాయి గాని మరే స్ప్రింగూ దాన్ని తోయదు కాబట్టి, గుండు మొన నలగడం, తూటా అడ్డం పడి ఇరుక్కోవడం వంటి బెడదలు ఉండవు. స్విట్జర్లాండులో స్థిరపడిన ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీ అనే ఇంజినీరు, అంతకుముందే అమెరికాలో పీబాడీ చేసిన దిమ్మను మెరుగుపరచి ఈ యంత్రాన్ని రూపొందించగా, 1871లో బ్రిటిష్ సైన్యం దాన్ని స్వీకరించింది. మన దేశంలో కొన్ని పాత క్లబ్బుల అల్మారాలలో ఇప్పటికీ కనిపించే మార్టినీలు ఆ వంశానివే.

దూరపు గురికి పేరు పడిన సింగిల్ షాట్ రైఫిళ్లలో దిమ్మ వాలదు, నిలువు గాడిలో నేరుగా కిందికి దిగుతుంది. స్కాట్లాండుకు చెందిన జాన్ ఫార్కర్సన్ 1872లో ఇటువంటి రైఫిల్‌కు పేటెంటు పొందాడు. అమెరికాలోని యూటా ప్రాంతంలో తండ్రి తుపాకుల దుకాణంలో పెరిగిన జాన్ బ్రౌనింగ్‌కు, ఇదే తరహా రైఫిల్ మీద 1879లో తన మొట్టమొదటి పేటెంటు లభించింది. ఆ హక్కులను కొనుక్కున్న వించెస్టర్ కంపెనీ దాన్ని 1885 మోడల్‌గా విడుదల చేసింది. మ్యాగజీన్ రైఫిళ్లు అన్ని చోట్లా గెలిచి, సింగిల్ షాట్ అనేది పాత ముచ్చట అయిపోయిందని అందరూ అనుకుంటున్న కాలంలో, 1967లో రుగర్ కంపెనీ ఫార్కర్సన్ ఆకృతిని ఆదర్శంగా తీసుకుని నంబర్ 1 అనే రైఫిల్‌ను తెచ్చింది. దానిలోనే చిన్న జంతువుల దూరపు వేటకు బరువైన గొట్టంతో ప్రత్యేకంగా చేసినదాన్ని 1-వి అంటారు.

ఈ రైఫిళ్లలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వాటి పొడవు లెక్క. బోల్టు రైఫిల్‌లో బోల్టు, అంటే గొట్టం వెనక నోటిని మూసే ఉక్కు గడియ, వెనక్కి జరగడానికీ, కింద మ్యాగజీన్‌కూ చోటు కావాలి కాబట్టి గొట్టానికీ ట్రిగ్గర్‌కూ మధ్య బెత్తెడు ఇనుము అదనంగా ఉంటుంది. దిగే దిమ్మ ఉన్న రైఫిల్‌కు ఆ చోటు అక్కర్లేదు. అందువల్ల రెండింటికీ ఒకే పొడవు గొట్టం బిగించినా సింగిల్ షాట్ రైఫిల్ మొత్తం మీద సుమారు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. దీన్నే తిప్పి చెప్పుకుంటే, అదే పొడవు రైఫిల్‌లో నాలుగు అంగుళాలు ఎక్కువ గొట్టం పెట్టుకోవచ్చు. సన్నని గుండును విపరీతమైన వేగంతో పంపే తూటాలలో మందు ఎక్కువగా ఉంటుంది, అది పూర్తిగా కాలి గుండును తోయడానికి పొడవైన గొట్టం కావాలి, కాబట్టి ఆ నాలుగు అంగుళాలు వృథా పోవు.

ఒకే తూటాతో దూరపు గురి సాధ్యమని లోకానికి రుజువైన రోజు 1874 సెప్టెంబరు 26 అని చెప్పవచ్చు. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మోర్ మైదానంలో అమెరికా, ఐర్లాండు జట్లు 800, 900, 1000 గజాల దూరాలలో పోటీపడ్డాయి. ఐరిష్ జట్టు గొట్టం ముందు నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్లు వాడగా, అమెరికన్లు వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ సింగిల్ షాట్ రైఫిళ్లు వాడారు. చివరికి 934కు 931 తేడాతో అమెరికన్లు గెలిచారు. ఆ రోజు ఒక ఐరిష్ షూటర్ కాల్చిన గుండు నల్లచుక్క మధ్యలోనే పడింది, కాని అది అతనికి కేటాయించిన లక్ష్యం కాదు, పక్కది. ఆ ఒక్క గుండుకు రావలసిన నాలుగు మార్కులు సున్నా అయ్యాయి. గొట్టం ఎంత మంచిదైనా, తూటా ఎంత నాణ్యమైనదైనా, ఎక్కడికి గురిపెట్టామన్న స్పృహను మించిన భాగం రైఫిల్‌లో లేదని నాకు ఆ పోటీ గురించి చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక తూటాల సంగతి. 1930 ప్రాంతంలో రూపుదిద్దుకున్న .22 హార్నెట్, సుమారు మూడు గ్రాముల గుండును సెకనుకు 820 మీటర్ల వేగంతో పంపేది. నూట యాభై మీటర్ల వరకు అది చక్కగా పనిచేసేది, ఆ తరువాత గుండు త్వరగా కిందికి జారేది. 1935లో వించెస్టర్ తెచ్చిన .220 స్విఫ్ట్ ఆ వేగాన్ని ఒక్కసారిగా 1,250 మీటర్లకు చేర్చింది, అయితే గొట్టాన్ని త్వరగా తినేస్తుందన్న అపవాదును కూడా వెంట తెచ్చుకుంది. ఔత్సాహికులు తమ షెడ్లలో .250 శావేజ్ కేసు మెడను సన్నగా నొక్కి తయారుచేసుకున్న .22-250ను రెమింగ్టన్ 1965లో కంపెనీ తూటాగా మార్చింది. మూడున్నర గ్రాముల గుండు ఆ తూటాలో నుంచి సెకనుకు 1,120 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. నంబర్ 1 రైఫిల్‌కు నేను ఎంచుకునేది ఈ తూటానే. రెండు వందల గజాలకు గురి సరిచేసుకుంటే మూడు వందల గజాల దగ్గర గుండు ఆరు అంగుళాల మేరకే దిగుతుంది. అంత దూరం పోవడానికి సెకనులో మూడో వంతు కూడా పట్టదు.

గాలి మాత్రం ఈ లెక్కలకు లొంగదు. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, అంటే మనం మామూలుగా చల్లగాలి అనుకుని సంతోషించే గాలి, అదే దూరంలో ఆ గుండును సుమారు జానెడు పక్కకు నెట్టేస్తుంది. లక్ష్యమేమో బెత్తెడు వెడల్పు. డెన్వర్‌లో స్థిరపడిన మా మేనల్లుడితో కలిసి తూర్పు కొలరాడో మేతభూముల్లోకి వెళ్లినప్పుడు, అతని పక్కన కూర్చుని దుర్బిణితో గుండు ఎక్కడ పడిందో చెప్పడం నా పని. అక్కడ ప్రైరీ డాగ్ అని పిలిచే ఉడుత జాతి జంతువులు నేలంతా బొరియలు తవ్వి మేతను తినేస్తాయి, ఆ బొరియల్లో కాలు పడి పశువుల కాళ్లు విరుగుతాయని ఆ భూమి యజమాని మాతో చెప్పాడు. మా మేనల్లుడు తూటాల పెట్టెను తన పక్కన ఉంచుకునేవాడు కాదు, నా పక్కన పెట్టేవాడు. ఒకటి కాల్చి, లీవరు దించి, ఖాళీ కేసు తీసి, చేయి చాచేవాడు. నేను గడ్డి ఎటు వంగుతోందో, మట్టి పొగ ఎటు కదిలిందో చెప్పిన తరువాతే అతని చేతిలో ఇంకో తూటా పెట్టేవాణ్ణి. ఆ విరామంలో గొట్టం చల్లబడేది, అతని శ్వాస కుదుటపడేది. పక్క కొండవాలు మీద మరొకరు మ్యాగజీన్ రైఫిల్‌తో వరసగా కాలుస్తున్నారు, ఆ చప్పుళ్లలో రెండోదీ మూడోదీ మొదటిదాన్ని సరిదిద్దుకోవడానికే అన్నట్టు వినిపించేవి.

ఆ జంతువులను చంపడం విషయంలో నాకు పూర్తి సంతోషం లేదు. నల్లకాళ్ల ఫెరెట్ అనే అరుదైన జీవి దాదాపుగా వాటినే తిని బతుకుతుంది, అవి తరిగినచోట అదీ తరిగింది. ఆ సంగతి అక్కడి రైతులకూ తెలుసు, అయినా వారి నష్టం వారిది.

సింగిల్ షాట్ రైఫిల్‌కు లోపాలు లేవని నేను అనను. బోల్టు రైఫిల్‌కు కర్ర ఒకే ముక్కగా ఉంటుంది. ఇక్కడ వెనక ముక్క వేరు, గొట్టం కింద చేయి పట్టే ముందు ముక్క వేరు. ఆ ముందు కర్ర తేమకు ఉబ్బి గొట్టాన్ని కాస్త నొక్కినా గురి మారుతుంది. నంబర్ 1లో ఆ కర్రను బిగించే ఇనుప పట్టీ గొట్టం కింద ముందుకు చాచి ఉంటుంది, దాని కొసకూ గొట్టానికీ మధ్య చిన్న మర పెట్టి ఒత్తిడిని సరిచేసుకోవడం ఆ రైఫిల్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన పని. ఎండిన ఎర్రమట్టి దుమ్ము దిమ్మ గాడిలో చేరితే అది బిగుసుకుంటుంది, కాబట్టి పాలమూరు వేసవిలో అయితే ప్రతి సాయంత్రం దిమ్మను ఊడదీసి తుడవవలసిందే. వెనక కొసన పొడుచుకొచ్చిన అంచు లేని కేసులున్న తూటాలను బయటికి లాగడంలో పాత యంత్రాలు ఇబ్బంది పెడతాయి, అందుకే వాటికి హార్నెట్ వంటి అంచు ఉన్న తూటాలు బాగా నప్పుతాయి.

ఇప్పుడు మన చేలకు వద్దాం. అచ్చంపేట, లింగాల, చందంపేట, దేవరకొండ వైపు అమ్రాబాద్ అడవి అంచున పల్లి, మక్క వేసిన రైతుకు పందుల మంద అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. చీకటి పడ్డాక ఒర్రెల వెంట వచ్చి, తెల్లవారేలోగా పల్లి సాళ్లను దున్నినట్టు పెళ్లగించి పోతాయి. మంచె మీద కావలి ఉన్నవాడికి పంది కనబడేది ముప్పై నలభై అడుగుల నుంచి, మహా అయితే యాభై మీటర్ల నుంచి, అదీ టార్చి వెలుగులో. మూడు వందల మీటర్ల రైఫిల్‌కు అక్కడ పని లేదు. పని లేకపోవడం ఒక్కటే కాదు, అది అక్కడ ప్రమాదం కూడా. కొలరాడో మైదానంలో గుండు తప్పితే మట్టిలో దిగుతుంది, అది పోయే వైపు మైళ్ల దూరం మనిషి ఉండడు. మన దగ్గర చేను పక్కన చేను, ప్రతి చేనులో బోరు దగ్గర పడుకున్న మనిషి, కట్టేసిన బర్రెలు, వెనక నల్లరాతి గుట్టలు. గురి తప్పిన గుండు రెండు మూడు కిలోమీటర్లు పోగలదు, బండకు తగిలితే ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఇంకో సంగతి కూడా ఉంది. చిన్న జంతువుల కోసం చేసే గుండుకు పైతొడుగు చాలా పలుచగా ఉంటుంది, తగలగానే ముక్కలైపోవాలన్నదే దాని ఉద్దేశం. ముదిరిన మగపంది భుజాల మీద గట్టిపడిన దళసరి తోలు ఉంటుంది. ఆ గుండు ఆ తోలు మీదనే పగిలిపోయి, లోపలి గుండెకు చేరకుండా పైపైన పెద్ద గాయం చేస్తుంది. గాయపడిన పంది పారిపోయి, పొద్దున చేనులోకి వచ్చిన మనిషి మీదికి దూకుతుంది. పందికి బరువైన, నిదానంగా విచ్చుకునే గుండు కావాలి. మన దగ్గర లైసెన్సు మీద దొరికే .315 స్పోర్టింగ్ రైఫిల్, 12 బోరు తుపాకీ ఆ పనికి సరిపోతాయి. పైగా 1980ల మధ్య నుంచి సాధారణ లైసెన్సుదారు విదేశీ తుపాకీని దిగుమతి చేసుకునే వీలు లేదు, పేరొందిన క్రీడా షూటర్లకే ఆ మినహాయింపు.

చట్టం సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో ఊళ్లలో తప్పుడు మాటలు చాలా తిరుగుతున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట అనేది లేదు. అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. అది మనుషుల ప్రాణాలకో, నిలిచి ఉన్న పంటకో ప్రమాదకరమైందని నమ్మకం కలిగితే, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు, అది 11వ సెక్షను. ఆ కాగితం లేకుండా లైసెన్సు ఉన్న తుపాకీతో కొట్టినా నేరమే. కృష్ణా తీరంలో మక్తల్, మాగనూరు రైతులను ఏడిపించే కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది, దాని జోలికి ఎవరూ పోకూడదు. ఇక తుపాకీ విషయానికొస్తే, 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట కాపలాకు ప్రస్తావించేది గొట్టం ముందు నుంచి మందు దట్టించే తుపాకీని. అది సరిపోదని అధికారి భావిస్తే నునుపు గొట్టం తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చు. అంటే మన రైతుకు చట్టం మొదట చూపిన ఆయుధం కూడా ఒక్కసారికి ఒక్కటే పేలేదే.

అటువంటి తుపాకీతోనే మా పెద్దనాయన కావలి ఉండేవాడు. మందు పోసి, గుడ్డ పెట్టి, గజం కడ్డీతో దట్టించి, మళ్లీ గుండు, మళ్లీ గుడ్డ, ఇంత తతంగం చీకట్లో రెండోసారి చేసే తీరిక ఏ పందీ ఇవ్వదు. అందుకే పంది పక్కకు తిరిగేదాకా, దాని వెనక ఒడ్డు గాని గట్టు గాని కనబడేదాకా ఆయన ట్రిగ్గర్ మీద వేలు పెట్టేవాడు కాదు. "తొందరేమున్నదిరా, తినని. పక్కకు మర్రినప్పుడు సూద్దాం" అనేవాడు. చాలా రాత్రులు అసలు కాల్చకుండానే గడిచిపోయేవి, కేకలు వేసి డబ్బా కొట్టి తరిమేవాడు.

నిజానికి తుపాకీ చివరి మార్గంగానే ఉండాలి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పల్లి చుట్టూ ముళ్ల కుసుమ, మక్క చుట్టూ ఆముదం వరసలు వేసుకోమని చెబుతారు. ఆముదం మన పాలమూరు, నల్లగొండ చెలకల పాత పంటే, విత్తనం కోసం వెతుక్కోనక్కర్లేదు. కరెంటు తీగలు పరచడం మాత్రం ఎవరూ చేయకూడని పని. ఆ తీగలకు పంది కంటే ముందు పక్క చేను రైతో, తన ఇంటి మనిషో బలైన సంఘటనలు మన జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

అయినా అనుమతితో షూటర్లను పిలిపించే సందర్భాలు వస్తాయి, వస్తున్నాయి. అక్కడే నాకు ఆందోళన. ఐదు తూటాలు నింపిన రైఫిల్‌తో జీపు మీద నిలబడి, టార్చి వెలుగులో కదిలిన ప్రతిదాని మీదా కాల్చేవాడు పంటను కాపాడుతున్నాడని నేను ఒప్పుకోను. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్ చేతిలోని ఎయిర్ రైఫిల్ కూడా ఒక్కో పెల్లెట్ పెట్టుకుని కాల్చేదే. గురి అనేది అలాగే కుదురుతుంది. అందుకని అటవీ శాఖ షూటర్ల జాబితా తయారుచేసేటప్పుడు లైసెన్సు కాగితంతో పాటు ఒక పరీక్ష కూడా పెట్టాలని నా కోరిక. యాభై మీటర్ల దూరంలో జానెడు వెడల్పు పలక, అభ్యర్థి సొంత రైఫిల్, చేతిలో ఒకే తూటా, మ్యాగజీన్ ఖాళీ. పలకలు రెండు మూడు ఉండాలి, వాటిలో ఒకదాని వెనక మాత్రమే మట్టికట్ట ఉండాలి, మిగతావాటి వెనక ఖాళీ ఆకాశం ఉండాలి. మట్టికట్ట లేని పలకను కొట్టినవాడు, ఎంత మధ్యలో కొట్టినా, తప్పినట్టే. చేను మీదికి వెళ్లాక కూడా ఆ రాత్రి రైఫిల్‌లోకి ఒకసారికి ఒక తూటాయే వెళ్లాలని, మిగిలినవి వెంట ఉన్న అటవీ సిబ్బంది జేబులో ఉండాలని, రెండోది అడిగినప్పుడు మొదటిది ఎక్కడ పడిందో టార్చితో చూసి రాసుకున్న తరువాతే ఇవ్వాలని ఆ అనుమతి కాగితంలోనే ఒక షరతుగా రాయాలి.